నీటికుక్క కోసం మూడు తేదీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అటెండర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. నేనూ కాదనను. కోపం లేకపోతే మన దగ్గర ఏ పనీ జరగదని నా నమ్మకం. వనపర్తిలో ఓ జూనియర్ కాలేజీలో పదహారేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. ల్యాబుకు కొత్త మైక్రోస్కోపు తెప్పించినా, ఆడపిల్లల బాత్రూముకు తలుపు పెట్టించినా అరిచే చేయించాను. కృష్ణలో లాంచీ ప్రయాణం కూడా అరిస్తే అయిపోతుందనుకున్నాను.

ఆలోచన పూర్తిగా నాదే. సెకండియర్ బైపీసీ పిల్లలు పద్దెనిమిది మందిని సోమశిల దగ్గర లాంచీ ఎక్కించి, శ్రీశైలం వెనక నీళ్ళలో ఒక పూటంతా తిప్పాలి. మొసళ్ళు, కొంగలు, నీటికాకులు కనబడతాయి. అన్నిటికన్నా ముఖ్యం నీటికుక్కలు. మీసాలుండి, కాలివేళ్ళ మధ్య పొరలుండి, గుంపుగా తిరుగుతూ, ఒకదాన్నొకటి ఈలవేసి పిలుచుకునే జంతువు. దాని బొమ్మను ఏటా బోర్డు మీద గీస్తాను. కంటితో మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"రెండేళ్ళుగా ఫోన్లలో పాఠాలు విని మొద్దుబారిపోయారు సార్. ఇది పిల్లల కోసం" అన్నాను ప్రిన్సిపాల్‌తో. పిల్లల కోసం అన్నాక ఎవరు మాత్రం ఏమంటారు! ఆయన సంతకం పెట్టేశాడు.

అది రెండువేల ఇరవై రెండు జనవరి. ఒమిక్రాన్ అనే కొత్త పేరుతో కరోనా మళ్ళీ తిరుగుతోంది. పొద్దున ఒక ఉత్తర్వు, సాయంత్రం దానికి సవరణ, ఈలోగా వాట్సాప్‌లో నాలుగు పుకార్లు. గుంపులుగా తిరగొద్దన్నారు. ఎంతమందైతే గుంపు అని అడిగితే ఎవరూ చెప్పలేదు. లాంచీలు తిరుగుతాయని ఒకరు, తిరగవని ఒకరు, సగం మందితో తిరుగుతాయని ఇంకొకరు. అడవి వాళ్ళ అనుమతి చేతికొచ్చేసరికి పిల్లలందరికీ టీకా వేసిన కాగితాలు కావాలన్నారు. ఆ కాగితాలు తెచ్చేసరికి కాలేజీలకే సెలవులు పొడిగించారు. తొమ్మిదో తేదీ ఆదివారం అనుకున్నది ఇరవై మూడుకు పోయింది. ఇరవై మూడు కాస్తా ఫిబ్రవరి ఆరుకు పోయింది.

"నీటికుక్కను చూడడానికి పోతున్నారా మేడం, పెండ్లిచూపులకు పోతున్నారా? ముహూర్తం కుదరనే కుదరదు" అని ఏడిపించేవాడు జగదీశ్. గద్వాల నుంచి రోజూ బస్సులో వచ్చే మా బాటనీ లెక్చరరు. నాతో వేళాకోళం ఆడే ధైర్యం కాలేజీలో అతనొక్కడికే ఉంది.

లాంచీ వెంకటన్నది. పేరుకే లాంచీ గానీ అదొక మరబోటు. వెంకటన్న బెస్తవాడు. పొద్దున పుట్టిలో, అదే గుండ్రటి బుట్టపడవలో, వెళ్ళి చేపలు పడతాడు, ఎండెక్కాక మరబోటులో జనాన్ని అవతలి ఒడ్డుకు చేరుస్తాడు. కరోనా వచ్చాక ఆ బోటు రెండేళ్ళుగా సగం రోజులు ఒడ్డునే ఉంది. ఇలాంటి మనిషితో ఎలా మాట్లాడాలో నాకు తెలియదా? తెలియదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం రెండు రోజులకోసారి ఫోన్ చేసి అదరగొట్టేదాన్ని.

"వెంకటన్నా, పిల్లలు అంత దూరం నుంచి వస్తున్నరు. నీటికుక్క కనబడాల్సిందే. నువ్వు చూపియ్యకుంటే చెప్పు, వేరే బోటోళ్ళను మాట్లాడుకుంట."

"గట్లెందుకంటరు మేడం? ఉన్నయి. గని అవ్వి నా మాట ఇంటయా?"

"నాకు గవన్నీ తెల్వదు."

జనవరి ఏడున తెల్లవారి ఏడింటికి కూడా ఇలాగే చేశాను. ఆరోజు మాత్రం వెంకటన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. నీళ్ళ చప్పుడు వినబడింది. తర్వాత గొంతు మారింది. "పరేషాన్ గాకుండ్రి మేడం. పక్కా చూపిస్త. నాది జిమ్మ" అన్నాడు. మర్నాడే ప్రయాణం వాయిదా పడిందని చెప్పినా అతను తొణకలేదు. "ఎన్నడన్న రాండ్రి. చూపిస్త." ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అదే ధీమా. నేను ప్రతిసారీ, తేదీ ముందుకు జరిగినా జరగొచ్చు, సిద్ధంగా ఉండమని హెచ్చరించి పెట్టేసేదాన్ని. గట్టిగా మాట్లాడితే మనుషులు ఎలా దారికొస్తారో చూడండని జగదీశ్ దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఆరో తేదీ ఖాయమైంది. బస్సు వనపర్తిలో బయలుదేరి పాన్‌గల్ మీదుగా తొమ్మిదింటికల్లా నది దగ్గరికొస్తుంది, పిల్లలతో జగదీశ్ వస్తాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. ముందురోజే కొల్లాపూర్‌లో మా పిన్ని ఇంట్లో పడుకుని, తెల్లారగానే వాళ్ళ స్కూటీ తీసుకుని రేవుకు వచ్చేశాను.

నీళ్ళ మీద ఇంకా మంచు ఉంది. వెంకటన్న బోటు కడుగుతున్నాడు. అతని భార్య ఈదమ్మ వలలు విదిలిస్తోంది. ఆమెను చూడడం అదే మొదటిసారి. నలభై దాటిన మనిషి, బక్కగా ఉంది, నన్ను చూసి ఎంత సంబరపడిందంటే నాకే సిగ్గేసింది.

"మేడమేనా? ఫోన్ల గొంతు ఇని ఇంకా పెద్దమనిషనుకుంటి. రాండ్రి, రాండ్రి. పిల్లలొచ్చినంక సూపిద్దమన్నడు మా ఆయన. గని మీరు ముంగల జూడుండ్రి."

"ఏందక్కా చూసేది?"

ఆమె జవాబు చెప్పకుండా నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని ఒడ్డు వెంబడి నడిపించింది. తుంగ గుబురుగా పెరిగిన చోట మోకాలి లోతు నీళ్ళలో ఒక కోళ్ళ గంప సగం మునిగి ఉంది. గంప మీద ఇనుప జాలీ. జాలీకి తాడు, తాడు చివర రాయి. ఈదమ్మ వంగి నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసింది. గంపలోంచి సన్నటి ఈల వినబడింది. జాలీ సందులోంచి ఒక చిన్న ముక్కు, నాలుగు మీసాలు బయటికొచ్చాయి.

అది నీటికుక్క పిల్ల. నేను బోర్డు మీద గీసే జంతువు నా కాళ్ళ ముందు కోళ్ళ గంపలో ఉంది. జాలీకి రాసుకుని రాసుకుని దాని ముక్కు మీద తోలు లేచిపోయింది. ఈదమ్మ కొంగులోంచి ఒక చేప తీసి సందులోంచి అందించింది. అది రెండు చేతులతో పట్టుకుని, నన్ను చూస్తూ, కరకర నమిలింది.

"ఎప్పుడు పట్టిండ్రు దీన్ని?" అని అడిగాను.

"నెల దినాలాయె. ఏడో తారీఖు." నా వెనక నుంచి వెంకటన్న అన్నాడు. ఎప్పుడొచ్చాడో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్న మొహం.

ముప్పై రోజులు. నా నోరు తెరుచుకుంది. ఏమేం అన్నానో వరసగా గుర్తులేదు. దొంగవన్నాను, దుర్మార్గుడివన్నాను. దీన్ని పడితే కేసవుతుందని, జైల్లో వేస్తారని అరిచాను. ఈదమ్మ చేతిలోని రెండో చేప నీళ్ళలో జారిపోయింది.

"జైలా?" అంది ఆమె. "దినాం కిలో చేపలు పెట్టినమమ్మా దానికి. మేం తినకపోయినా పెట్టినం."

వెంకటన్న నన్ను అలాగే చూస్తుండిపోయాడు. అతనికి కోపం రాలేదు, అసలేమీ అర్థం కాలేదు.

"మేడం, నేను దాని కోసం వల ఎయ్యలే" అన్నాడు. "అదే వచ్చి వల్ల పడ్డది. ఎప్పుడన్న పడ్తయి. వల కోసి ఇడిచిపెడ్త. గారోజు గూడ కత్తి తీసిన. గప్పుడే మీ ఫోనొచ్చింది."

ఆరోజు ఫోన్లో వినబడిన నీళ్ళ చప్పుడు గుర్తొచ్చింది.

"ఒక చేతిల ఇది, ఒక చేతిల ఫోను. నీటికుక్క కనబడాల్సిందే అంటిరి. దేవుడే పంపిండనుకున్న. ఎల్లుండే వస్తరు గద, రెండు దినాలు ఉంచి, పిల్లలకు చూపిచ్చి ఇడిచిపెడ్దమనుకున్న. మీరు దినం మార్చిండ్రు. మల్ల మార్చిండ్రు. రేపో మాపో అయినా రావచ్చు, తయారుగుండు అంటిరి. పెండ్లోళ్ళు చేపలు చెప్పి ముహూర్తం వాయిదా ఏసుకుంటె మేం ఏం జేస్తం? బతికున్నయి వలసంచిల పెట్టి నీళ్ళల్ల కట్టేస్తం. మేత ఏస్తం. చుట్టాలకు మాటిచ్చినంక రేవుల లేదంటె ఇజ్జత్ పోతది. గట్లనే ఉంచినం."

పెళ్ళివాళ్ళ చేపలు! ఆ పోలికలో అతనికి ఏ తప్పూ కనబడలేదు. అతని పని అది, అతని మర్యాద అది. రెండు రోజుల చెరను ముప్పై రోజులు చేసినవి నా తేదీలు. ఆ రెండు రోజులకు కూడా నా ఫోనే కారణం. నేను ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యంగా నిద్ర లేచి ఉంటే, ఆ కత్తి వలను కోసి ఉండేది.

"దీని తల్లి?" అని అడిగాను.

ఈదమ్మ తల వంచుకుంది. "పున్నమి దాంక వచ్చింది. పొద్దుగూకంగ ఒకపాలి, తెల్లారంగ ఒకపాలి. గంప సుట్టూర తిరిగి ఈలేసేది. ఇది లోపల్నుంచి ఏసేది. నాకు మనసున పట్టలే. ఇడిచిపెడ్దమయ్యా అంటే, మేడానికి ఏం జెప్తవు అన్నడు. దానికి గూడ చేపలేసిన. ముట్టలే. పున్నమి దాటినంక రాలే."

అది పది రోజులు వచ్చింది. ఆ పది రోజుల్లో నేను కనీసం నాలుగుసార్లు ఫోన్ చేసి ఉంటాను.

గుంపు ఇంకా ఇక్కడే ఉందా అని వెంకటన్నను అడిగాను. నది మధ్యలో నీళ్ళు తగ్గి బయటపడ్డ మట్టిదిబ్బను చూపించాడు. "అగొ, ఆ తుంగల ఉన్నయి. ఐదో, ఆరో. నీళ్ళు దినదినం గుంజుతున్నయి మేడం. ఇయ్యాలో రేపో కిందికి దిగిపోతయి. పోయినయంటె మల్ల ఎక్కడుంటయో ఎవరికెరుక."

అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేయడమే సరైన పని. చేతిలోకి తీసుకున్నాను కూడా. చేస్తే వెంకటన్న మీద కేసు. పిల్లను హైదరాబాదు జూకు తీసుకెళ్తారు, గంప కన్నా పెద్ద జాలీలో పెడతారు, అది అందులోనే ముసలిదవుతుంది. ఈలోగా గుంపు వెళ్ళిపోతుంది. చెప్పాల్సిందంతా తర్వాత చెప్పుకోవచ్చు. తల్లి మాత్రం ఈ పూటే దొరుకుతుంది. ఫోన్ బొడ్లో దోపుకుని ఈదమ్మతో "పుట్టి తియ్యక్కా" అన్నాను.

బస్సు దగ్గరికి వచ్చేసిందని జగదీశ్ ఫోన్ చేశాడు. పిల్లల్ని ఒడ్డు మీదే కూర్చోబెట్టమని, బోటు ఇంజను ముట్టుకోవద్దని చెప్పాను. "ఏమైంది మేడం, మళ్ళీ ఉత్తర్వు మారిందా?" అన్నాడు. మారిందని చెప్పి పెట్టేశాను. వెంకటన్నను వాళ్ళ దగ్గర ఉండమన్నాను.

పుట్టిలో మేమిద్దరమే. ఈదమ్మ తెడ్డు వేస్తుంటే పిల్ల ఆమె ఒళ్ళో పిల్లికూనలా ముడుచుకు పడుకుంది. దిబ్బకు ఇరవై గజాల దూరంలో ఆపాం. ఈదమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి నీళ్ళలోకి వదిలింది. అది మునిగింది, తేలింది, ఒక చుట్టు తిరిగింది. తిన్నగా వచ్చి పుట్టి అంచు పట్టుకుని ఆమె ఒళ్ళోకి ఎక్కేసింది. తుంగలో ఏదో బుస్సుమంది. ఆకులు కదిలాయి, మళ్ళీ నిశ్శబ్దం.

రెండోసారి వదిలాం. మళ్ళీ అదే.

"నా మొకం కనబడినంతసేపు ఇది పోదు" అంది ఈదమ్మ. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "మనుషులు కనబడినంతసేపు అవ్వి రావు."

పుట్టి అడుగున వానకు కప్పుకునే పట్టా ఉంది. ఈదమ్మ తెడ్డును నీళ్ళ అడుగు మట్టిలో గుచ్చి పుట్టిని దానికి కట్టింది. పిల్లను మూడోసారి నీళ్ళలో వదిలి, అది తిరిగేలోగా మేమిద్దరం అడుగున బోర్లా పడుకుని పట్టా కప్పుకున్నాం. చేపల కంపు, ఊపిరాడని వేడి. ఈదమ్మ భుజం నా భుజానికి ఆనుకుని ఉంది.

మొదట గోకడం వినబడింది. అది పుట్టి అంచు చుట్టూ తిరుగుతూ గీకుతోంది. ఈలవేసింది. ఈదమ్మ ఒళ్ళు అదిరింది. మళ్ళీ ఈలవేసింది, ఈసారి పొడుగ్గా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మునుగుతదేమో మేడం, సూస్త."

"మునగదు. లేవకు."

"ఒక్కపాలి."

"వద్దక్కా."

ఎంతసేపు గీకిందో చెప్పలేను. తర్వాత దిబ్బ వైపు నుంచి ఇంకో ఈల వినబడింది. సన్నటిది కాదు, బరువైనది. గోకడం ఆగింది. పట్టా అంచు నా కంటికి జానెడు దూరంలో ఉంది. కొద్దిగా ఎత్తితే చాలు, కనబడుతుంది. తల్లి కనబడుతుంది, గుంపు కనబడుతుంది. నా వేలు అంచు దాకా వెళ్ళింది. ఈ చూడాలనే యావే కదా దాన్ని గంపలో పెట్టింది! వేలు వెనక్కి తీసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

నీళ్ళు తపతప కొట్టుకున్నాయి. ఒక కీచు అరుపు వినబడింది. కొరికి చంపుతోందా? మనుషుల వాసన పట్టిన పిల్లను తల్లి ఒప్పుకుంటుందని ఎవరు చెప్పారు? ఈదమ్మ గోళ్ళు నా అరచేతిలో దిగాయి. తర్వాత ఏమీ వినబడలేదు. మేమిద్దరం అలాగే పడుకున్నాం. పట్టా ఎండకు కాలేదాకా లేవలేదు.

లేచి చూస్తే నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. దిబ్బ మీద ఖాళీ. దిగి మోకాలి లోతులో నడిచి వెళ్ళాను. తడి మట్టిలో అడుగులున్నాయి. వేళ్ళ మధ్య పొర అచ్చు కూడా స్పష్టంగా పడింది. పెద్ద అడుగులు నీళ్ళలోంచి వచ్చాయి. వాటి పక్కన ఏదో ఈడ్చిన గీత. మూరెడు దూరం పోయాక గీత ఆగిపోయి, అక్కడి నుంచి చిన్న అడుగులు మొదలయ్యాయి. పెద్దవాటి పక్కనే తుంగలోకి వెళ్ళాయి. రక్తం ఎక్కడా లేదు.

"మెడ పట్టుకుని తెచ్చిందక్కా. ఇక్కడ దించింది. ఇక్కడ్నుంచి నడిచింది" అన్నాను. ఈదమ్మ ఆ చిన్న అడుగుల దగ్గర కూర్చుని చాలాసేపు వాటినే చూసింది.

ఒడ్డుకొచ్చేసరికి పదకొండు దాటింది. పద్దెనిమిది మంది మాస్కులు వేసుకుని, నోటుపుస్తకాలు పట్టుకుని, చెట్టు నీడన వరసగా కూర్చుని ఉన్నారు. జగదీశ్ నా చీర మీది బురదను చూసి వేళాకోళం మానేశాడు. వెంకటన్న దూరంగా నిలబడ్డాడు. నేను అతని పేరు చెప్తానేమోనని ఎదురుచూస్తున్నాడు.

"కనబడ్డదా మేడం?" ఒకేసారి నలుగురు అడిగారు.

అబద్ధం చెప్పడం తేలిక. ఆకు తెంపితేనే కాల్చుకుతినే మేడం వాళ్ళకు తెలుసు, అబద్ధమాడితే ఆ మేడమే మిగిలేది. నేను చెప్పేశాను. ఫోను, కత్తి, గంప, ముప్పై రోజులు, పున్నమి దాకా వచ్చిన తల్లి. దాన్ని పట్టించింది నేనే అన్నాను. సాయంత్రం అటవీ శాఖ వాళ్ళకు కూడా ఇదే రాసిస్తానన్నాను. మాస్కుల పైన పద్దెనిమిది జతల కళ్ళు నన్ను చూస్తున్నాయి. అంతకుముందు ఆ కళ్ళల్లో భయం చూశాను, గౌరవం చూశాను. ఇది వేరు.

"మీరందరూ చూడాలని తొందరపడ్డాను. మీ కోసమే" అన్నాను చివరికి. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

ముందు వరసలో శ్రీజ ఉంది. ఖిల్లా ఘణపూర్ పిల్ల. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పదు. లేచి నిలబడింది, ఏదో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు నిలబడినట్టు.

"మేమెవ్వరం చూపియ్యమని అడగలే గద మేడం" అంది.

నిజమే. ఎవరూ అడగలేదు.